పరాయి పంచన పేజ్‌మేకర్

విండోస్ కోసం పుట్టిన సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో ఎలా బతుకుతుంది? భిలాయ్ తెలుగువాళ్ల శుభలేఖల నుంచి సోవియట్ కంప్యూటర్ల దాకా సాగే కథ.

భిలాయ్‌లో తెలుగింట పెళ్లి కుదిరితే శుభలేఖకు ఒక భాష చాలదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉన్న మేనత్తలకూ మేనమామలకూ తెలుగు. ఉక్కు కర్మాగారంలో కలిసి పనిచేసేవాళ్లకూ ఇరుగుపొరుగుకూ హిందీ. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉద్యోగం చేస్తున్న పిల్లాడి స్నేహితులకు ఇంగ్లిష్. కార్డు ఒకటే, లిపులు మూడు. పవర్‌హౌస్ జవహర్ మార్కెట్ వైపో సుపేలాలోనో డీటీపీ పెట్టుకున్న కుర్రాడు హిందీ మేటర్ కృతిదేవ్‌లో కొడతాడు. తెలుగు మేటర్ అను ఫాంట్లలో కొడతాడు. కోరల్‌డ్రాలోనో పేజ్‌మేకర్‌లోనో రెండింటినీ పేర్చి, బటర్ పేపర్ మీద ప్రింటు తీసి ప్రెస్సుకు పంపుతాడు. సెక్టార్-5 బాలాజీ గుడి ఉత్సవాల కరపత్రమైనా, ఉగాది కవి సమ్మేళనం ఆహ్వానమైనా, పెద్దకర్మ కార్డైనా దారి అదే.

పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబ్ ఇన్‌డిజైన్ మీదికి మళ్లింది. పేజ్‌మేకర్‌కు కొత్త వెర్షన్ లేదు, అయినా దుకాణాల్లో అది పోలేదు. చేతులకు అలవాటైన కీబోర్డు, కళ్లకు అలవాటైన అక్షరాలు, ఏళ్ల తరబడి కూడబెట్టిన పాత ఫైళ్లు దాన్ని వదలనివ్వవు. చెప్పుకోడానికి బాగుండదు గానీ, ఆ కాపీల్లో బిల్లు ఉన్నవెన్ని అని లెక్కపెడితే ఒక చేతి వేళ్లు మిగిలిపోతాయి.

చిక్కల్లా ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినప్పుడే వస్తుంది. 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు మద్దతు ముగించింది. అదనపు భద్రతా అప్‌డేట్ల పేరుతో ఇంకో ఏడాది గడువిచ్చినా అది గడువే. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి మొదలయ్యే ప్రాసెసర్ కావాలి. దుకాణంలో పదేళ్లుగా నమ్మకంగా పనిచేస్తున్న డబ్బాకు ఆ అర్హత లేదు. ఇంజినీరింగ్ చదివే కొడుకో మేనల్లుడో వచ్చి విండోస్ తీసేసి లినక్స్ వేసి పెడతాడు. యంత్రం కొత్తదానిలా పరుగెడుతుంది. మర్నాడు సంఘం పెద్దాయన నిరుటి ఆహ్వానపత్రిక ఫైలున్న పెన్‌డ్రైవ్ పట్టుకొస్తాడు. తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట డాలరు గుర్తులు, బ్రాకెట్లు, నెత్తిన కొమ్ములున్న ఐరోపా అక్షరాలు.

"ఏంట్రా ఇది, ఫైలు పాడైపోయిందా?"

"ఫైలు బానే ఉంది బాబాయ్, అక్షరాలే పోయాయి."

నిజానికి అవి పోలేదు. కంప్యూటర్ లెక్కలో ఆ ఫైలు ఏనాడూ తెలుగు కాదు. ఎనిమిది బిట్ల పద్ధతిలో ఒక ఫాంటులో పట్టేవి 256 గళ్లు. మొదటి 32 కంట్రోల్ కోడ్‌లకు పోగా, మిగిలిన గళ్లలో తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం, వత్తులు విడివిడి ముక్కలుగా సర్దారు. ఇంగ్లిష్ అక్షరమో ఫ్రెంచి అక్షరమో ఉండాల్సిన గడిలో తెలుగు ముక్క కూర్చుంది. తెర మీద నాలుగు ముక్కలు పక్కపక్కన చేరితే మన కంటికి ‘శ్రీ’. ఫైలులో మాత్రం నాలుగు రోమన్ గుర్తులు. ఫాంటు తీసేస్తే లోపలిది బయటపడుతుంది. కృతిదేవ్‌లో కొట్టిన హిందీ కథా ఇంతే. కాబట్టి ఆ ఫైలు మళ్లీ తెలుగులా కనిపించాలంటే పేజ్‌మేకర్ కావాలి, అను ఫాంట్లు కావాలి, ఆ రెండూ నడవడానికి విండోస్ కావాలి. లేదా విండోస్‌లా నటించేది ఏదైనా కావాలి.

ఆ నటించేదాని పేరు వైన్. పేరు చూసి ఇంకేదో అనుకోవద్దు. ‘వైన్ ఈజ్ నాట్ యాన్ ఎమ్యులేటర్’ అనే మాటల మొదటి అక్షరాలు అవి.

దుబాసీ పని

విండోస్ ప్రోగ్రాం ఫైలును విప్పి చూస్తే మొదటి రెండు అక్షరాలు ఎం, జెడ్. డాస్ రోజుల్లో ఆ ఫైలు పద్ధతిని రూపొందించిన మైక్రోసాఫ్ట్ ఇంజినీరు మార్క్ జ్బికోవ్‌స్కీ పొడి అక్షరాలు అవి. నేటికీ ప్రతి ఈఎక్స్ఈ ఫైలు ఆయన సంతకంతోనే మొదలవుతుంది. లినక్స్ ప్రోగ్రాం ఈఎల్ఎఫ్ అనే వేరే పద్ధతిలో ఉంటుంది. అందుకే ఒకదాని ఫైలు ఇంకోదానికి కొరుకుడు పడదు. అయితే లోపల ప్రాసెసర్‌కు ఇచ్చే ఆదేశాలు రెండింట్లోనూ ఒకే రకం. ఇంటెల్ చిప్పుకు కూడిక ఎక్కడైనా కూడికే. తేడా ఎక్కడ వస్తుందంటే, ప్రోగ్రాం ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఏదైనా అడిగినప్పుడు. ఫలానా ఫైలు తెరువు, ఇక్కడ ఒక కిటికీ గియ్యి, ఉన్న ఫాంట్ల జాబితా ఇవ్వు, ఈ పేజీ ప్రింటరుకు పంపు. ఈ అడగడం విండోస్‌లో ఒక రకం, లినక్స్‌లో మరో రకం.

భిలాయ్ వాళ్లకు ఇది చెప్పడం తేలిక. ఈ కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది 1955 ఫిబ్రవరి 2న. రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న. ఆ నాలుగేళ్లూ రష్యన్ నిపుణుల పక్కన దుబాసీలు తిరిగారు. దుబాసీ కొలిమి కట్టలేదు, ఉక్కు పొయ్యలేదు. రష్యన్‌లో అడిగిందాన్ని ఇక్కడి మనిషికి చెప్పి, జవాబును తిరిగి రష్యన్‌లో అప్పజెప్పాడు. వైన్ చేసేది సరిగ్గా ఆ పనే. పేజ్‌మేకర్ విండోస్ భాషలో అడుగుతుంది. వైన్ దాన్ని లినక్స్‌కు అర్థమయ్యేలా అడిగి, వచ్చిన జవాబును విండోస్ వేషంలో తిరిగి ఇస్తుంది. లెక్కలు, అక్షరాల పేర్పు, పేజీ కొలతలు మాత్రం నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తాయి. కాబట్టి పెద్దగా వేగం తగ్గదు.

వేషం పూర్తిగా కట్టాలి కదా. అందుకని వైన్ లినక్స్ హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉండే ఒక ఫోల్డర్‌లో బుల్లి సీ డ్రైవు అమరుస్తుంది. అందులో విండోస్ అనే ఫోల్డర్, దాని లోపల ఫాంట్స్ అనే ఫోల్డర్, పక్కన ప్రోగ్రాం ఫైల్స్, రిజిస్ట్రీ కూడా. పేజ్‌మేకర్ కళ్లు తెరిచి చూస్తే అన్నీ తనకు తెలిసిన చోటే ఉన్నాయి. పాత హార్డ్‌డిస్కులోని అను ఫాంట్ల ఫైళ్లను ఈ బుల్లి ఫాంట్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ప్రోగ్రాం మూసి మళ్లీ తెరిస్తే, బాబాయి తెచ్చిన ఫైలులో డాలరు గుర్తులు మాయమై ‘శ్రీరస్తు శుభమస్తు’ ప్రత్యక్షమవుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం ముచ్చటగానే ఉంటుంది.

ఒకటో నంబరుకు పదిహేనేళ్లు

వైన్ పని 1993లో బాబ్ ఆమ్‌స్టాట్ ప్రారంభించారు. మరుసటి ఏడాది నుంచి అలెగ్జాండర్ జూలియార్డ్ చేతికి వచ్చింది. వెర్షన్ 1.0 అని ధైర్యంగా రాసుకోడానికి 2008 జూన్ 17 దాకా పట్టింది. పదిహేనేళ్లు ఎందుకంటే, విండోస్‌కు మైక్రోసాఫ్ట్ ప్రచురించిన నియమాలు పాటిస్తే సరిపోదు. ప్రచురించని అలవాట్లు ఉంటాయి, తప్పులు ఉంటాయి. ఆ తప్పుల మీద ఆధారపడి రాసిన ప్రోగ్రాములు ఉంటాయి. కాబట్టి తప్పులను కూడా అచ్చుగుద్దినట్టు దింపాలి. పైగా విండోస్ సోర్స్ కోడ్ చూసినవాళ్లు వైన్‌కు కోడ్ రాయకూడదని వాళ్లు నియమం పెట్టుకున్నారు. బయటి నుంచి గమనించి, పరీక్షించి, సొంతంగా రాయడమే. చూసి రాయడం కన్నా చూడకుండా అదే రాయడం ఎంత కష్టమో ఊహించుకోండి.

ఏ ప్రోగ్రాం ఎంత బాగా నడుస్తుందో వాడినవాళ్లే మార్కులు వేసే జాబితా ఒకటి ఉంది. ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్, ఆఖరున గార్బేజ్. మొహమాటం లేని పద్ధతి. మన దగ్గర సినిమాలకు కూడా ఉంటే బాగుండును.

ఇందులో ఒక తమాషా ఉంది. విండోస్ 3.1 కాలం నాటి 16 బిట్ల ప్రోగ్రాములను 64 బిట్ల విండోస్ అసలు దగ్గరికి రానివ్వదు. 1993 నాటి పేజ్‌మేకర్ 5 అలాంటిదే. లినక్స్ మీద వైన్‌కు మాత్రం ఆ పదహారు బిట్ల భాష ఇంకా గుర్తుంది. సొంతింట్లో చోటు పోయిన ముసలి ప్రోగ్రాముకు పక్కింట్లో చాప దొరికింది.

శుభలేఖల దుకాణాలకు సంబంధించిన ఇంకో సంగతి ఆ దుకాణాల్లోనే చాలామందికి తెలియదు. కోరల్‌డ్రా ఒకప్పుడు అధికారికంగా లినక్స్‌లో నడిచింది! కెనడా కంపెనీ కోరల్ 1999లో సొంతంగా లినక్స్ తెచ్చింది. 2000లో వర్డ్‌పర్ఫెక్ట్ ఆఫీసును, కోరల్‌డ్రా 9ని లినక్స్‌కు విడుదల చేసింది. కొత్తగా రాయలేదు, వైన్ సాయంతోనే విండోస్ ప్రోగ్రామును అటు నడిపించింది. వైన్‌కు తన వంతు కోడ్ కూడా ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరులో మైక్రోసాఫ్ట్ కోరల్‌లో 13.5 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టింది. మరుసటి ఏడాదికల్లా కోరల్ తన లినక్స్‌ను వేరే కంపెనీకి అమ్మేసింది. రెండింటికీ సంబంధం ఉందా లేదా అన్నది పాఠకుల ఇష్టం. ఆ ప్రయత్నం నిలిచి ఉంటే ఈ పాతికేళ్లలో మన డీటీపీ దుకాణాల రూపం వేరేగా ఉండేదని నా నమ్మకం.

తర్వాత వైన్‌ను నిలబెట్టింది ఆఫీసు పనులు కాదు, ఆటలు. కోడ్‌వీవర్స్ అనే చిన్న అమెరికన్ కంపెనీ తొంభైల నుంచీ ఈ పని మీదే బతుకుతోంది. స్టీమ్ ఆటల దుకాణం నడిపే వాల్వ్ ఆ కంపెనీతో కలిసి 2018 ఆగస్టులో ప్రోటాన్ తెచ్చింది. వైన్‌కే ఆటల కోసం నగిషీలు చెక్కిన రూపం అది. 2022లో చేతిలో పట్టే స్టీమ్ డెక్ వచ్చింది. లోపల ఉన్నది లినక్స్, నడిచేవి చాలావరకు విండోస్ ఆటలు. ఆడేవాళ్లలో చాలామందికి ఆ సంగతి పట్టదు. ఆటలు ఆడుతూ పాడైపోతున్నాడని తండ్రి తిట్టిన కుర్రాడి డబ్బులే, ఒక రకంగా, ఆ తండ్రి పేజ్‌మేకర్‌ను బతికిస్తున్నాయి.

రష్యావాళ్లూ అదే చేశారు

ఒకరి సాఫ్ట్‌వేర్ మరొకరి యంత్రం మీద నడపాలన్న ఆశ కంప్యూటర్లంత పాతది. ఐబీఎం 1964లో సిస్టమ్/360 ప్రకటించినప్పుడు, పాత 1401 యంత్రం ప్రోగ్రాములు అందులో నడిచే ఏర్పాటు చేయకపోతే పాత ఖాతాదారులు కదిలేవారు కాదు. ఎమ్యులేటర్ అనే మాటను అక్కడి ఇంజినీర్లే ఆ రోజుల్లో వాడుకలోకి తెచ్చారు.

భిలాయ్ కట్టి ఇచ్చిన సోవియట్ యూనియన్ అంతకన్నా దూరం వెళ్లింది. అరవైల చివర్లో, సొంత కంప్యూటర్ నమూనాలు చేతిలో ఉండగానే, వాటిని పక్కనపెట్టి ఐబీఎం 360కి సరిపోయే యంత్రాలు కట్టాలని నిర్ణయించింది. డెబ్బైల మొదట్లో ఈఎస్ వరస కంప్యూటర్లు వచ్చాయి. కారణం సులువు. అమెరికాలో అప్పటికే రాసిపెట్టిన సాఫ్ట్‌వేర్ భండారం కావాలి. యంత్రం వాళ్లదిలా ఉంటే ప్రోగ్రాములు ఉచితంగా వచ్చినట్టే. ఆ వరసలోని ఈఎస్-1030 మన ఐఐటీ బొంబాయికి కూడా చేరింది. ఆ సంస్థకూ సోవియట్ సాయం ఉంది మరి.

ఫలితం ఏమిటి? సాఫ్ట్‌వేర్ దొరికింది, సొంత దారి పోయింది. ఐబీఎం ఎటు వెళ్తే అటు, కొన్నేళ్లు ఆలస్యంగా. డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఆ నిర్ణయాన్ని ప్రచ్ఛన్న యుద్ధంలో అమెరికాకు దక్కిన గొప్ప గెలుపుల్లో ఒకటిగా లెక్కగట్టారు. అనుకూలత వరమే, కాదనను. కానీ అసలు పనిని అది రేపటికి, ఎల్లుండికి వాయిదా వేయిస్తుంది. తెలుగు డీటీపీకి పట్టిన గతి చూస్తే ఈ మాట అతిశయోక్తి అనిపించదు. ప్రతి లిపి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికింది 1991లో. విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది 2001లో, అంటే పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చిన ఏడాదే. అదే సంవత్సరంలో ఒక తలుపు మూసుకుంది, ఇంకోటి తెరుచుకుంది. మనం మూసిన తలుపు దగ్గరే కుర్చీ వేసుక్కూర్చున్నాం.

ఎక్కడ ఆగిపోతుంది

ఫైలు చూడటం, ప్రింటు తీయడం వరకు వైన్‌తో పని జరగొచ్చు. కొత్తగా కొట్టడం దగ్గర ఇబ్బంది మొదలవుతుంది. అను స్క్రిప్ట్ మేనేజర్ మీటకూ ప్రోగ్రాముకూ మధ్య కూర్చునే సాఫ్ట్‌వేర్. మీరు ఆపిల్ కీబోర్డు పద్ధతిలో ఒక మీట నొక్కితే దాన్ని మధ్యలోనే పట్టుకుని తెలుగు ముక్కగా మార్చి లోపలికి పంపుతుంది. ఇలా మధ్యలో పట్టుకునే పనులకు వైన్‌లో పరిధి ఉంది. తన లోపల నడిచే విండోస్ ప్రోగ్రాముల మధ్య కుదిరితే కుదరవచ్చు. పక్కన తెరిచిన లినక్స్ ప్రోగ్రాములో మాత్రం ఆ తెలుగు పడదు. ఇక యూఎస్‌బీకి తగిలించే హార్డ్‌వేర్ లాక్ ఉన్న సాఫ్ట్‌వేర్లకు డ్రైవరు కావాలి. డ్రైవర్ల జోలికి వైన్ చాలావరకు వెళ్లదు. జీఎస్టీ రిటర్నులకు వాడే డిజిటల్ సంతకం టోకెన్ల దగ్గరా విండోస్ సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకుంటే ఇదే తంటా. లినక్స్‌కు విడిగా ఇచ్చే డ్రైవరు ఉందేమో ముందు చూసుకోవాలి.

అలాంటప్పుడు దుబాసీ చాలదు, అసలు విండోస్‌నే లోపల కూర్చోబెట్టాలి. వర్చువల్‌బాక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ లినక్స్ లోపల ఒక ఉత్తుత్తి కంప్యూటర్ సృష్టిస్తుంది. అందులో మీ దగ్గరున్న లైసెన్సు విండోస్ ఎక్స్‌పీ వేసుకుంటే పేజ్‌మేకర్, అను, హార్డ్‌వేర్ లాక్ అన్నీ పాత పద్ధతిలోనే నడిచే అవకాశం ఎక్కువ. మెమరీ కొంచెం ఎక్కువ తింటుంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8నే మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది కాబట్టి ఆ లోపలి యంత్రానికి ఇంటర్నెట్ ఇవ్వకండి. రోజూ డీటీపీ చేసేవాళ్లకు వైన్ కన్నా ఇదే మేలని నా అభిప్రాయం. వైన్ అప్పుడప్పుడు పాత ఫైలు తెరిచేవాళ్లకు.

వైరస్‌ల మాట కూడా చెప్పాలి. లినక్స్‌లో ఉన్నాం కదా అని ధీమా పడతారు. వైన్ ఈఎక్స్ఈ ఫైలు మంచిదా చెడ్డదా అని చూడదు. పెన్‌డ్రైవ్‌లో వచ్చిన విండోస్ వైరస్‌ను కూడా అంతే మర్యాదగా నడిపిస్తుంది. మామూలుగా అమర్చితే జెడ్ డ్రైవు పేరుతో మీ లినక్స్ ఫోల్డర్లన్నీ దానికి కనిపిస్తాయి కూడా. ఊళ్లో అందరి పెన్‌డ్రైవ్‌లూ వచ్చి వాలే డీటీపీ దుకాణంలో ఈ జాగ్రత్త తప్పదు. ఆ డ్రైవును తీసేసుకోవచ్చు.

కర్మాగారాలది వేరే లోకం. రోలింగ్ మిల్లు దశాబ్దాలు నిలుస్తుంది, దాన్ని చూసుకునే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు పదేళ్లకే నూరేళ్లు నిండుతాయి. ప్రపంచమంతటా ఫ్యాక్టరీల్లో పాత విండోస్ యంత్రాలు నెట్‌కు దూరంగా ఇంకా నడుస్తుండటానికి కారణం ఇదే. అక్కడ దుబాసీ ఒక్క మాట తప్పు చెప్పినా ప్రమాదమే కాబట్టి వైన్ ప్రయోగాలు ఇంటికీ దుకాణానికీ పరిమితం చేసుకోవాలి.

అక్షరాలు దింపుకోండి

ఇంతా చేసి మనం కాపాడుకోవాల్సింది పేజ్‌మేకర్‌ను కాదు, దాని లోపల చిక్కుకున్న తెలుగును. ఇంకో ఊరిలో ఇంత ఆత్రం ఉండకపోవచ్చు. భిలాయ్ లాంటి చోట పరిస్థితి వేరు. చుట్టూ హిందీ. ఖుర్సీపార్‌లో, క్యాంపుల్లో, చరోదాలో ఇప్పటి తరం తెలుగు మాట్లాడుతుంది, చదవలేనివాళ్లు ఎక్కువవుతున్నారు. ఇక్కడ తెలుగు అచ్చయిందంటే అది సంఘాల ప్రత్యేక సంచికల్లో, గుడి కరపత్రాల్లో, స్థానిక కవుల చిన్న పుస్తకాల్లో. వాటి మూలాలు ఎవరో ఒకరి పాత హార్డ్‌డిస్కులో అను అక్షరాలుగా పడి ఉన్నాయి. ఆ ఫైళ్లు గూగుల్‌లో వెతికితే దొరకవు, ఫోనులో తెరుచుకోవు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు వినబడవు.

దారులు ఉన్నాయి. లిబ్రే ఆఫీస్ 2015 నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లను నేరుగా తెరుస్తుంది. పేజీ కూర్పు అటూ ఇటూ కదిలినా మేటర్ చేతికొస్తుంది. పాత ఫాంట్ల అక్షరాలను యూనికోడ్‌కు మార్చే పరికరాలు ఉన్నాయి. సొంత ఫాంట్లు వాడే తెలుగు పత్రికల సైట్లను ఫైర్‌ఫాక్స్‌లో యూనికోడ్‌గా చూపించిన ‘పద్మ’ ఈ దారి ఎప్పుడో వేసింది. మార్పిడిలో వత్తులు తారుమారవుతాయి, సున్నాలు జారిపోతాయి, ఒకసారి ప్రూఫు చూడాల్సిందే. కొత్త పేజీలకు లినక్స్‌లో స్క్రైబస్ ఉంది. 2024 జనవరిలో వచ్చిన 1.6 వెర్షన్ నుంచి భారతీయ లిపులను అది సరిగా పేరుస్తుంది. ఫాంట్లకూ కరవు లేదు. మల్లన్న, మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ, అన్నీ యూనికోడ్‌లో ఉచితం.

పాత కంప్యూటర్ కబాడీవాడికి వేసేముందు మూడు పనులు చేయండి. ప్రతి పేజ్‌మేకర్ ఫైలునూ ఒకసారి తెరిచి పీడీఎఫ్ తీయండి. ఫాంట్ల ఫోల్డరును మొత్తంగా కాపీ చేసి దాచండి, అది లేకపోతే మిగతావి ఉన్నా దండగ. మేటరును యూనికోడ్‌లోకి మార్చి మామూలు టెక్స్ట్ ఫైలుగా ఇంకో చోట పెట్టండి. ఈ మూడూ చేయడానికి విండోస్ లేదంటే, వైన్ ఉచితంగా దొరుకుతుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.